ఇంజను అదే, దూలం అదే: ఆటోనగర్ షెడ్డులో వదులైన బోల్టుల కేస్ స్టడీ

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లను రీకండిషన్ చేసే ఒక షెడ్డులో, బండి మీద నుంచి ఇంజనును దించడానికి ఆర్‌సీసీ కాలమ్‌కు ఒక ఇనుప దూలం బిగించి ఉంది. ఆ దూలాన్ని పై నుంచి పట్టి ఉంచే కడ్డీ కాలమ్‌కు తగులుకున్న చోట యాంకర్ బోల్టులు (కాంక్రీటులోకి దింపి బిగించే బోల్టులు) వదులవుతున్నాయనీ, బిగించిన కొద్ది రోజులకే మళ్లీ వదులవుతున్నాయనీ, లావు బోల్టులు వేయాలో కడ్డీనే మార్చాలో తేల్చి చెప్పమనీ షెడ్డు యజమాని నన్ను అడిగారు. నిర్మాణాల లెక్కలు చూసే ఇంజనీరుగా నాకు వచ్చే పనుల్లో ఇది చిన్నదే. అయినా బలాలు, టార్కుల (బలం ఒక బిందువు చుట్టూ వస్తువును తిప్పే ప్రభావం) పాఠంలోని ప్రతి మెట్టూ ఇందులో అవసరపడింది కాబట్టి లెక్కతో సహా మొత్తం రాస్తున్నాను. పాలిటెక్నిక్, బీటెక్ విద్యార్థులకూ, ఇలాంటి దూలాలు కట్టే ఫ్యాబ్రికేటర్లకూ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

షెడ్డులో ఉన్న అమరిక

దూలం ఐఎస్‌ఎంబీ 150 సెక్షను, అంటే ఇంగ్లిషు ఐ అక్షరం ఆకారంలో 150 మిల్లీమీటర్ల ఎత్తున్నది. దాని మొదలును కాలమ్‌కు బిగించిన బ్రాకెట్‌లో ఒక పిన్నుతో తగిలించారు. పిన్ను కింద ఆనుకోవడానికి ఒక సీటు యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప ముక్క) కూడా ఉంది. ఈ పిన్ను నుంచి 3.0 మీటర్ల దూరంలో, కొసన, బరువు వేలాడుతుంది. 2.4 మీటర్ల దూరంలో దూలానికి రెండు పక్కలా వెల్డింగు చేసిన చెవులున్నాయి. అక్కడ తగులుకున్న 25 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ ఏటవాలుగా పైకి వెళ్లి, కింది పిన్నుకు సరిగ్గా 1.0 మీటరు ఎత్తున కాలమ్ మీదున్న పై పిన్నుకు చేరుతుంది. రెండు పిన్నులూ కాలమ్ ముఖం నుంచి 60 మిల్లీమీటర్లు బయటికి, ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. పై పిన్నును పట్టుకున్న బేస్ ప్లేటుకు నాలుగు 16 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులున్నాయి: పైన రెండు, కింద రెండు, వరసల మధ్య 150 మిల్లీమీటర్లు. వదులవుతున్నవి ఇవే. నాలుగింటిలోనూ పై రెండూ ఎక్కువగా, కింది రెండూ తక్కువగా వదులయ్యాయి. ఈ తేడాను చూసినప్పుడే నోట్సులో రాసుకున్నాను, ఎందుకంటే చివరికి వచ్చే లెక్క ఏదైనా సరే, ఈ తేడాను కూడా చెప్పగలగాలి.

బోల్టులు ఎప్పటి నుంచి వదులవుతున్నాయని అడిగితే, వించ్ (తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ లాగే యంత్రం) పెట్టిన తరవాత నుంచే అన్నారు. అంతకుముందు దూలం కొసన ఒక టన్ను ఎత్తగల చెయిన్ బ్లాక్ వేలాడేది, మనిషి గొలుసు లాగి ఇంజనును ఎత్తేవాడు. పని ఆలస్యమవుతోందని దాన్ని తీసేసి, కొసన ఒక పుల్లీ బిగించి, కాలమ్ పాదం దగ్గర నేల మీద ఎలక్ట్రిక్ వించ్ పెట్టి, వైర్ రోప్‌ను పుల్లీ మీదుగా ఇంజను కొక్కేనికి తెచ్చారు. ఆ మార్పుకూ బోల్టులకూ సంబంధం ఉంటుందని అక్కడ ఎవరూ అనుకోలేదు. యజమాని మాటల్లో చెప్పాలంటే, “ఇంజను అదే, దూలం అదే, కడ్డీ అదే కదండీ. పైగా వించ్ నేల మీద ఉంది, దాని బరువు దూలం మీద పడదు. పైన బోల్టులెందుకు వదులవ్వాలి?” దూలం కట్టిన మేస్త్రి మాత్రం బోల్టులు నాసిరకమని గట్టిగా అన్నారు.

యజమాని ప్రశ్న చాలా సరైనది. బరువు మారలేదు, అది వేలాడే చోటూ మారలేదు. అయితే దూలం మీద పనిచేసే బలాల జాబితా మారింది. సమతాస్థితి లెక్కల్లో నేను కూడికలూ గుణకారాల కన్నా ఎక్కువ సమయం పెట్టేది ఈ జాబితా మీదే. ఏ వస్తువును లెక్కకు తీసుకుంటున్నామో ముందు నిర్ణయించుకుని, దాని చుట్టూ ఒక గీత గీసి, ఆ గీతను దాటి లోపలి వస్తువును తాకుతున్న ప్రతిదీ ఏ చోట, ఏ దిశలో, ఎంత బలంతో లాగుతోందో లేదా తోస్తోందో రాసుకోవాలి. పాఠ్యపుస్తకాల్లో స్వేచ్ఛా వస్తు పటం అనేది ఇదే. ఈ పటం సరిగా ఉంటే మిగతా లెక్క ఇంటర్ స్థాయిదే; ఇందులో ఒక్క బాణం తప్పిపోతే ఎంత ఖచ్చితంగా లెక్కించినా ప్రయోజనం ఉండదు.

చెయిన్ బ్లాక్ రోజుల్లో

మొదట పాత అమరికనే లెక్కించాను, ఎందుకంటే అది ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. పోల్చడానికి అదే ఆధారం. వస్తువు: దూలం ఒక్కటే. దాన్ని తాకుతున్నవి నాలుగు. దూలం సొంత బరువు సుమారు 45 కిలోలు, అంటే 0.44 కిలోన్యూటన్లు, అది దూలం మధ్యలో 1.5 మీటర్ల దగ్గర కిందికి. కొసన కిందికి లాగేది: ఇంజనూ దాన్ని కట్టే గొలుసులూ కలిపి 500 కిలోలు అంటే 4.9 కిలోన్యూటన్లు, చెయిన్ బ్లాక్ 0.2, గొలుసు లాగే మనిషి చేతి బలం సుమారు 0.3, మొత్తం 5.4 కిలోన్యూటన్లు. మూడోది కడ్డీ లాగుడు. నాలుగోది కింది పిన్ను దూలం మీద చూపే బలం. దాని దిశ ముందుగా తెలియదు కాబట్టి అడ్డం, నిలువు అని రెండు తెలియని రాశులుగా రాయాలి.

కడ్డీ విషయంలో ఒక సౌకర్యం ఉంది. అది రెండు కొసల దగ్గరా పిన్నులతోనే తగులుకుంది, మధ్యలో దాన్ని ఏదీ తాకడం లేదు, దాని సొంత బరువు పది కిలోలు మాత్రమే కాబట్టి వదిలేయవచ్చు. అలాంటి కడ్డీలో బలం కడ్డీ వెంబడే ఉండి తీరాలి, లేకపోతే రెండు కొసల బలాలూ కలిసి కడ్డీని తిప్పేస్తాయి. అందువల్ల కడ్డీ లాగుడు దిశ తెలిసిపోయింది, పరిమాణం ఒక్కటే తెలియదు. 2.4 మీటర్ల అడ్డానికి 1.0 మీటరు నిలువు అంటే ఏటవాలు పొడవు 2.6 మీటర్లు, 5, 12, 13 త్రిభుజం. మొత్తం మూడు తెలియని రాశులు, మన చేతిలో మూడు సమీకరణాలు: అడ్డం బలాల మొత్తం సున్నా, నిలువు బలాల మొత్తం సున్నా, ఏదో ఒక బిందువు గురించి టార్కుల మొత్తం సున్నా.

టార్కును ఏ బిందువు గురించి తీసుకోవాలన్నది మన ఇష్టం, ఆ ఇష్టాన్ని తెలివిగా వాడుకోవాలి. టార్కు అంటే బలాన్ని, ఆ బిందువు నుంచి బలం గీతకు ఉన్న లంబదూరంతో గుణించినది. కింది పిన్నును ఎంచుకుంటే అక్కడి రెండు తెలియని బలాలూ లంబదూరం సున్నా కావడం వల్ల సమీకరణంలో కనబడకుండా పోతాయి, కడ్డీ ఒక్కటే మిగులుతుంది. బరువుల వల్ల వచ్చే టార్కు:

3.0 × 5.4 + 1.5 × 0.44 = 16.86 కిలోన్యూటన్-మీటర్లు

దీన్ని ఎదుర్కోవలసింది కడ్డీ. ఇక్కడ నేను ఎప్పుడూ వాడే దగ్గరి దారి ఒకటుంది. దూలమూ కడ్డీ కలిపి ఒకే వస్తువుగా తీసుకుంటే, బయటి నుంచి దాన్ని పట్టుకుంటున్నవి రెండు పిన్నులే. రెండూ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి కాబట్టి పై పిన్ను దగ్గరి నిలువు బలం కింది పిన్ను మీదుగానే పోతుంది, దానికి టార్కు లేదు. మిగిలేది అడ్డం బలం, దాని లంబదూరం 1.0 మీటరు. అంటే కాలమ్ నుంచి పై పిన్నును అడ్డంగా బయటికి లాగే బలం నేరుగా 16.86 కిలోన్యూటన్లు. కడ్డీ వాలును బట్టి నిలువు భాగం 16.86 ÷ 2.4 = 7.03, కడ్డీలోని లాగుడు 18.3 కిలోన్యూటన్లు. అర టన్ను ఇంజనుకు పై పట్టు మీద దాదాపు 1.7 టన్నుల అడ్డపు లాగుడు పడుతోందంటే మేస్త్రి మొదట నమ్మలేదు. మూడు మీటర్ల చేతితో వేలాడే బరువును ఒక మీటరు ఎత్తుతో పట్టి ఉంచాలంటే మూడింతలకు పైగా లాగక తప్పదని నేల మీద చాక్‌పీసుతో గీసి చూపాను.

తాడు వచ్చాక

ఇప్పుడు వించ్. తాడు పుల్లీ మీదుగా వెళ్లేటప్పుడు పుల్లీని విడిగా ఒక వస్తువుగా చూడాలి. పుల్లీ తన ఇరుసు చుట్టూ సాఫీగా, ఒకే వేగంతో తిరుగుతోందంటే దాని మీద టార్కుల మొత్తం సున్నా. రెండు వైపులా వ్యాసార్ధం ఒకటే కాబట్టి రెండు వైపులా తాడు లాగుడూ ఒకటే. ఇంజను వైపు 4.9 కిలోన్యూటన్లు ఉంటే వించ్ వైపూ 4.9 కిలోన్యూటన్లే. ఈ రెండు లాగుళ్లనూ మోసేది పుల్లీ ఇరుసు, ఇరుసును మోసేది దూలం కొస. యజమానికి దీన్ని నూతి గిలకతో చెప్పాను: బిందె బరువు పది కిలోలైతే, తోడే మనిషి కూడా పది కిలోల బలంతో కిందికి లాగుతున్నాడు, గిలకను పట్టుకున్న కర్ర మీద పడేది ఇరవై. ఆయనకు వెంటనే అర్థమైంది. వించ్ బరువు దూలం మీద పడదన్న మాట నిజమే, కానీ వించ్ లాగుడు దూలం మీద పడుతుంది.

ఈ షెడ్డులో తాడు నిలువుగా కాక ఏటవాలుగా దిగుతోంది. వించ్ డ్రమ్ము దూలం కన్నా 3.6 మీటర్లు కింద, పిన్నుల నిలువు గీతకు 0.3 మీటర్ల దూరంలో ఉంది. అంటే కొస నుంచి డ్రమ్ముకు అడ్డంగా 2.7, నిలువుగా 3.6, తాడు వెంబడి 4.5 మీటర్లు, ఇది 3, 4, 5 త్రిభుజం. తాడు లాగుడులో నిలువు భాగం 4.9 × 0.8 = 3.92, కాలమ్ వైపు అడ్డం భాగం 4.9 × 0.6 = 2.94 కిలోన్యూటన్లు. అడ్డం భాగం దూలం వెంబడే పోయి కింది పిన్ను గుండా వెళుతుంది కాబట్టి దానికి టార్కు లేదు. పుల్లీ సొంత బరువు 0.1 కలుపుకుంటే కొసన నిలువుగా కిందికి 4.9 + 3.92 + 0.1 = 8.92 కిలోన్యూటన్లు. కింది పిన్ను గురించి:

3.0 × 8.92 + 1.5 × 0.44 = 27.42 కిలోన్యూటన్-మీటర్లు

తాడు భాగాన్ని మరో దారిలోనూ సరిచూశాను. కింది పిన్ను నుంచి తాడు గీతకు లంబదూరం 3.0 × 0.8 = 2.4 మీటర్లు, దాని టార్కు 4.9 × 2.4 = 11.76. భాగాలుగా విడగొట్టి చేస్తే 3.0 × 3.92 = 11.76. బలాన్ని ముక్కలు చేసి టార్కులు కూడినా, ముక్కలు చేయకుండా లంబదూరంతో గుణించినా ఒకటే రావాలన్న వారిగ్నన్ సిద్ధాంతం మీద ఆధారపడిన ఈ సరిచూపు రెండు నిమిషాల పని. ఏటవాలు బలం ఉన్న ప్రతి లెక్కలోనూ చేయవలసిన పని.

దీంతో పై పిన్ను దగ్గర అడ్డం లాగుడు 27.42 కిలోన్యూటన్లు, నిలువు 11.43, కడ్డీలో 29.7. పాత అమరికతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు దాటి, 1.63 రెట్లు. ఇంజను బరువు ఒక్క కిలో కూడా పెరగలేదు.

గుర్తు చెప్పిన సంగతి

నిలువు బలాల మొత్తం సున్నా కావాలన్న సమీకరణం రాస్తే, దూలం మీద కిందికి 8.92 + 0.44 = 9.36, కడ్డీ పైకి 11.43. అంటే కింది పిన్ను దగ్గర నిలువు బలం −2.07 కిలోన్యూటన్లు. విద్యార్థులు ఇక్కడ గుర్తు తప్పు వచ్చిందని లెక్కను మొదటి నుంచి చేస్తారు. గుర్తు తప్పు కాదు, అది ఒక సమాచారం. బరువు వేలాడే చోటు కడ్డీ పట్టుకన్నా బయట ఉంది కాబట్టి, కడ్డీ పట్టు చుట్టూ కొస కిందికి దిగితే మొదలు పైకి లేవాలని చూస్తుంది, పిన్ను దాన్ని కిందికి అదిమి పట్టాలి. కడ్డీ పట్టు గురించి టార్కులు తీసుకుని దీన్ని సరిచూశాను: బయటి వైపు 8.92 × 0.6 = 5.35, లోపలి వైపు దూలం బరువు 0.44 × 0.9 = 0.40, పిన్ను అదుముడు 2.07 × 2.4 = 4.97, కలిపి 5.37. దశాంశాల సవరణ మేరకు రెండూ ఒకటే. మొదట ఎంచుకున్న బిందువు గురించి మళ్లీ లెక్కిస్తే అదే అంకె తిరిగి వస్తుంది తప్ప పొరపాటు బయటపడదు. సరిచూపు ఎప్పుడూ వేరే బిందువు గురించి చేయాలి.

కాగితం మీద వచ్చిన ఈ గుర్తును షెడ్డులోనే చూడాలనిపించింది. బోల్టులను తాత్కాలికంగా బిగించి, కింద ఎవరూ లేకుండా చూసి, 100 కిలోల పాత ఫ్లైవీల్ ఇనుమును జానెడు ఎత్తు మాత్రం లేపాం. ఖాళీగా ఉన్నప్పుడు దూలం మొదలు సీటు యాంగిల్ మీద ఆనుకుని ఉంది, మధ్యలో కాగితం కూడా దూరలేదు. లెక్క ప్రకారం అప్పుడు పైకి 0.14 కిలోన్యూటన్ల ఆనిక ఉండాలి. ఇనుము నేల వదలగానే దూలం మొదలు పిన్ను రంధ్రంలో ఉన్న వదులు మేరకు పైకి లేచింది, సీటుకూ దూలానికీ మధ్య నా విజిటింగ్ కార్డు సులువుగా దూరి బయటికి వచ్చింది. ఆ బరువుకు లెక్క −0.30 అని చెబుతోంది. బరువు మోస్తుందని వెల్డింగు చేసిన సీటు, బరువు ఎత్తినప్పుడు అసలు దూలాన్ని తాకడమే లేదు. అది చూశాక మేస్త్రి నా చేతిలోని కాగితం తీసుకుని లెక్కను మొదటి వరుస నుంచి తనే చదవడం మొదలుపెట్టారు.

బోల్టుల దాకా

పై బేస్ ప్లేటును ఇప్పుడు విడిగా ఒక వస్తువుగా చూడాలి. కడ్డీ దాన్ని 27.42 కిలోన్యూటన్లతో బయటికీ, 11.43 కిలోన్యూటన్లతో కిందికీ లాగుతోంది. అడ్డం లాగుడు నాలుగు బోల్టుల మధ్యగా పోతుంది, ఒక్కోదానికి 6.86. కానీ కిందికి లాగే బలం కాలమ్ ముఖం నుంచి 60 మిల్లీమీటర్లు బయట ఉంది. ఆ దూరం వల్ల 11.43 × 0.06 = 0.686 కిలోన్యూటన్-మీటర్ల టార్కు ప్లేటు పై అంచును కాలమ్ నుంచి ఊడదీయాలని చూస్తుంది. వరసల మధ్య 0.15 మీటర్లతో భాగిస్తే 4.57, రెండు బోల్టులకు పంచితే ఒక్కోదానికి 2.29. ప్లేటు కింది అంచు కాలమ్‌ను ఆనుకోవడాన్ని వదిలేసి సాదాగా చూస్తే, పై బోల్టులు ఒక్కోటీ 9.14, కింది బోల్టులు 4.57 కిలోన్యూటన్లు మోస్తున్నాయి. పైవి కిందివాటికి సరిగ్గా రెట్టింపు. పై రెండు బోల్టులు ఎక్కువగా వదులు కావడానికి కారణం ఇదే. నాసిరకం బోల్టులైతే ఏది ఎక్కడ ఉన్నా ఒకేలా ఇబ్బంది పెట్టేవి.

బోల్టు ఇనుముకు అసలు ఇబ్బందే లేదు. 16 మిల్లీమీటర్ల బోల్టు మరల దగ్గర అడ్డకోత వైశాల్యం 157 చదరపు మిల్లీమీటర్లు, 9.14 కిలోన్యూటన్లకు ఒత్తిడి 58 మెగాపాస్కళ్లు, మామూలు 4.6 గ్రేడు బోల్టు 240 దాకా శాశ్వతంగా సాగకుండా ఉంటుంది. కడ్డీలో ఒత్తిడి 60, దూలంలో కడ్డీ పట్టు దగ్గర వంపు వల్ల వచ్చేది 55. అన్నీ తేలిక. బలహీనంగా ఉన్నది బోల్టు కాంక్రీటును పట్టుకున్న పట్టు. ఒక బోల్టు విప్పించి చూస్తే, ప్లేటు కింద ప్లాస్టరింగును చెక్కకుండానే రంధ్రం వేసినట్టు తెలిసింది. బోల్టు పొడవులో ప్లాస్టరు మందం మేర కాంక్రీటులోకి దిగలేదు, ప్లేటు కింది అంచు ఆనిన చోట ప్లాస్టరు పొడిగా రాలుతోంది. పాత బలాలకు ఆ కురచ పట్టు ఓర్చుకుంది, కొత్త బలాలకు ఓర్చుకోలేదు. అందుకే కడ్డీ లావు చేయడం, ఎక్కువ గ్రేడు బోల్టులు కొనడం అనే రెండు ఆలోచనలనూ మొదటి రోజే పక్కన పెట్టించాను.

ఇంతవరకూ చేసింది నిలకడ లెక్క. ఇంజను కదలకుండా వేలాడుతున్నా, ఒకే వేగంతో పైకి వెళుతున్నా ఇదే వర్తిస్తుంది. వించ్ మొదలయ్యే క్షణంలో మాత్రం తాడు ఒక్కసారి బిగుస్తుంది. చేతి గొలుసుతో ఎత్తినప్పుడు ఈ కుదుపు పెద్దగా ఉండదు. విద్యుత్తుతో నడిచే ఓవర్‌హెడ్ క్రేన్లకు నిర్మాణాల మీద పడే బరువులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగంలో నిలువు బలాల మీద 25 శాతం అదనం చూపమన్నారు. ఈ వించ్‌కు కూడా నేను అదే తీసుకున్నాను. బరువూ తాడు లాగుడూ రెండూ పెరుగుతాయి కాబట్టి టార్కు 34.03కు చేరుతుంది. చెయిన్ బ్లాక్ నాటి 16.86తో పోల్చితే ఇది రెట్టింపు. పుల్లీ రాపిడి వల్ల ఎత్తేటప్పుడు వించ్ వైపు లాగుడు కొంచెం పెరుగుతుంది; అయిదు శాతం అనుకున్నా టార్కులో తేడా 0.6 మాత్రమే, దాన్ని వదిలేశాను.

ఏం మార్చాం

చెయిన్ బ్లాక్ మళ్లీ పెట్టడం యజమానికి ఇష్టం లేదు, వించ్ వల్ల ఆయన పని నిజంగానే వేగంగా సాగుతోంది. కాబట్టి వించ్‌ను ఉంచి తాడు దారిని మార్చాం. కొస పుల్లీ నుంచి తాడు దూలం వెంబడే అడ్డంగా వెనక్కి వచ్చి, మొదలు దగ్గర పిన్ను నుంచి 0.3 మీటర్ల దూరంలో బిగించిన రెండో పుల్లీ మీదుగా, సరిగ్గా డ్రమ్ము మీదికి నిలువుగా దిగుతుంది. దూలమూ రెండు పుల్లీలూ వాటి మధ్య తాడూ కలిపి ఒకే వస్తువుగా గీత గీస్తే, మధ్య తాడు గీత లోపలే ఉండిపోతుంది, బయటి జాబితాలో రాదు. గీతను దాటి లాగేవి రెండే: కొసన ఇంజను, మొదలు దగ్గర వించ్. టార్కు:

4.9 × 3.0 + 4.9 × 0.3 + 0.1 × 3.0 + 0.1 × 0.3 + 0.66 = 17.16 కిలోన్యూటన్-మీటర్లు

27.42 నుంచి 17.16కు దిగింది, అదీ ఒక్క పుల్లీ ఖర్చుతో. తాడులో లాగుడు మునుపటిలాగే 4.9, ఆ బలం మూడు మీటర్ల చేతితో లాగుతుందా, ముప్పై సెంటీమీటర్ల చేతితో లాగుతుందా అన్నదే తేడా. అయితే గీత లోపల ఉన్న తాడును దూలం మరచిపోదు. రెండు పుల్లీల మధ్య 4.9 కిలోన్యూటన్లతో దూలాన్ని పొడవునా నొక్కుతుంది. కడ్డీకీ మొదలుకీ మధ్య నొక్కుడు 17.16 + 4.9 = 22.1 అవుతుంది, పాత దారిలో అది 30.4 ఉండేది కాబట్టి ఇందులో కొత్త ప్రమాదమేమీ లేదు.

రెండో మార్పు పై పిన్ను ఎత్తు. కాలమ్‌కు పైన చోటు ఉండటంతో దాన్ని 1.0 నుంచి 1.5 మీటర్లకు పెంచాం. అడ్డం లాగుడు 17.16 ÷ 1.5 = 11.44 కిలోన్యూటన్లకు తగ్గింది, కుదుపుతో 14.13. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది: నిలువు భాగం మాత్రం 17.16 ÷ 2.4 = 7.15గానే ఉంటుంది. దాన్ని నిర్ణయించేది కడ్డీ దూలాన్ని పట్టిన దూరమే తప్ప పై పిన్ను ఎత్తు కాదు. అందుకే పై ప్లేటును యాంకర్ బోల్టులకు వదిలేయకుండా, కాలమ్‌కు ముందూ వెనకా రెండు పలకలు పెట్టి, కాలమ్ పక్కల నుంచి పోయే నాలుగు పొడవాటి బోల్టులతో బిగించాం. బయటికి లాగే బలమంతా వెనక పలక మీద పడి కాంక్రీటును నొక్కుతుంది, కాంక్రీటు నొక్కుడుకు గట్టిది. కిందికి జారకుండా ఆపడానికి మాత్రం ప్లాస్టరు చెక్కించి, కొత్త యాంకర్లు వేయించాం. కాలమ్ మీద పడే వంపును షెడ్డు డ్రాయింగులతో సరిచూశాను, చాలినంత బలం ఉంది. దూలం మొదలు పైకి లేవకుండా పిన్ను రంధ్రంలో బుష్ (వదులును పూరించే లోహపు గొట్టం) వేయించాం.

నేల దగ్గర ఇంకో వస్తువు మిగిలి ఉంది, అది వించ్. తాడు దూలాన్ని ఎంత కిందికి లాగుతుందో వించ్‌ను అంత పైకి లాగుతుంది. దాన్ని బిగించిన పాత కాంక్రీటు దిమ్మె 0.5 × 0.5 × 0.4 మీటర్లు, బరువు 2.4 కిలోన్యూటన్లు, వించ్ 0.6, కలిపి 3.0, పైకి లాగేది 3.92. దిమ్మె తన బరువుతో నిలబడలేదు, చుట్టూ ఉన్న ఫ్లోరింగు పట్టుతో నిలబడింది. దిమ్మె చుట్టూ వెంట్రుకవాసి చీలిక కనబడుతూనే ఉంది. పైగా తాడును నిలువుగా దించడం వల్ల ఇప్పుడు పైకి లాగుడు 4.9, కుదుపుతో 6.1 అవుతుంది. పైన తగ్గించిన చోట బాగానే ఉంది గానీ కింద అవసరం పెరిగింది. ఈ లెక్క చేయకుండా పుల్లీ ఒక్కటే మార్చి ఉంటే ఒక రోజు వించే లేచి వచ్చేది. 0.7 × 0.9 × 0.6 మీటర్ల కొత్త దిమ్మె పోయించాం, 9.1 కిలోన్యూటన్లు, వించ్‌తో 9.7. కుదుపుతో వచ్చే 6.1కు ఇది సుమారు 1.6 రెట్లు. ఫ్లోరింగు పట్టును నేను లెక్కలోకి తీసుకోలేదు.

దిమ్మె గట్టిపడ్డాక, 625 కిలోలు అంటే పని బరువుకు 125 శాతం ఎత్తి, జానెడు ఎత్తున పావుగంట ఉంచాం. ముందుగా ప్రతి నట్టు మీద నుంచి ప్లేటు మీదికి ఎర్ర పెయింటుతో ఒక గీత గీయించాను. నట్టు రవ్వంత తిరిగినా గీత విరుగుతుంది. దించాక చూస్తే గీతలన్నీ విరగకుండా ఉన్నాయి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను ప్రకారం ఎత్తే యంత్రాలనూ గొలుసులనూ తాళ్లనూ పన్నెండు నెలల్లో ఒక్కసారైనా అర్హత ఉన్న వ్యక్తి క్షుణ్ణంగా తనిఖీ చేయాల్సి ఉండేది, వాటి మీద సురక్షిత బరువు స్పష్టంగా రాయాల్సి ఉండేది. ఇలాంటి షెడ్లు ఆ చట్టం పరిధిలోకి వచ్చినా రాకపోయినా ఆ రెండు పనులూ చేయమని నేను రాసి ఇస్తాను.

పెయింటుతో బరువు రాయించేటప్పుడు యజమాని ఒక మాట అడిగారు: పై బోల్టుల మీద బలం సగానికి సగం తగ్గింది కదా, 750 కిలోలు అని రాయించవచ్చా అని. పై పట్టు వరకే చూస్తే ఆ ఆలోచనలో తప్పు లేదు. కానీ 750 కిలోలకు తాడు లాగుడు 7.36 కిలోన్యూటన్లు, కుదుపుతో 9.2, దాన్ని నేలకు పట్టి ఉంచే దిమ్మె, వించ్ కలిపి 9.7. మిగులు ఆరు శాతం కూడా లేదు. దిమ్మెను పెద్దది చేయకుండా అంత బరువుకు ఒప్పుకోలేనని చెప్పి, దూలం రెండు వైపులా 500 కిలోలు అనే రాయించాం.